గుర్రం రాని రాత్రి

ఆ వీధి మలుపులో పసుపు గేటున్న మేడ దగ్గరికి వచ్చేసరికి ఎంతటివాడికైనా అడుగు దానంతటదే వేగం పుంజుకుంటుంది. పగలైతే కాస్త. రాత్రి పది దాటిందా — ఇక పరుగే.

ఒకప్పుడది సినిమాలకి మాటలూ చప్పుళ్ళూ ఎక్కించే రికార్డింగ్ హాలు. మూతపడి చాలా ఏళ్ళయింది. గేటుకి తాళం, తాళానికి తుప్పు. కరెంటు మీటరు ఎప్పుడో పీక్కుపోయారు. అయినా రాత్రిళ్ళు లోపల ఏదో జరుగుతుందంటారు.

ముందు అద్దం భళ్ళున పగులుతుంది. తెల్లారి చూస్తే కిటికీలన్నీ నిక్షేపంగా ఉంటాయి.

తరవాత గుర్రం డెక్కలు... టకటక, టకటక... దూరం నుంచి దగ్గరికి. ఆ చుట్టుపక్కల గుర్రాన్ని కళ్ళతో చూసినవాడు ఒక్కడూ లేడు.

ఆ పైన ఎవరో ఎవర్నో చితకబాదుతున్న చప్పుడు. చివర్న — ఒక చావుకేక.

అంతే. మళ్ళీ మర్నాటి దాకా చీమ చిటుక్కుమనదు.

ఎదుటి అపార్ట్‌మెంటు వాళ్ళు ఈ విషయంలో రెండు పార్టీలుగా చీలిపోయారు. కింది మూడంతస్తులవాళ్ళు మనిషి దెయ్యమన్నారు. పై రెండంతస్తులవాళ్ళు గుర్రం దెయ్యమేనని పట్టుబట్టారు. సంఘం మీటింగు మూడు గంటలు నడిచింది. పోయింది మనిషో జంతువో తేలేదాకా ఆ గేటు వైపు ఎవరూ నడవకూడదని తీర్మానం రాసి నోటీసు బోర్డుకి అంటించారు. పోలీసులకి చెప్పలేదా అంటే, చెప్పారు. వాళ్ళు పట్టపగలు పదకొండింటికి వచ్చి, తాళం లాగి చూసి, వేసే ఉంది కదండీ అని వెళ్ళిపోయారు. ఒక వీడియో ఛానెలు వాళ్ళు దెయ్యాన్ని పట్టిస్తామని అర్ధరాత్రి దిగారు. చీకట్లో వాళ్ళ కెమెరా మనిషి తుమ్మితే అందరూ కలిసి పారిపోయారు. ఆ తుమ్మునే దెయ్యం గొంతని పెట్టి లోకానికంతా వినిపించారు.

ఇలాంటి చోటికి పది రోజుల కింద కాపురం వచ్చాడు చెవులాయన.

అసలు పేరు వేరే ఉంది కానీ ఎవరూ పిలవరు. చెవుల డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేస్తాడు. మనిషిని గాజు గదిలో కూచోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నగా ఓ కూత వదిలి, వినపడితే చెయ్యెత్తండి అంటాడు. ఇరవయ్యేళ్ళుగా అదే పని. ఒకసారి విన్న చప్పుడు మళ్ళీ ఎక్కడ విన్నా పోల్చుకుంటాడు. పక్కింటి కుక్కరు ఎన్నో విజిల్లో ఉందో కూడా ఆయన్నే అడుగుతారు. వాళ్ళ ఫ్లాటు కిటికీలు అవతలి వైపుకి కాబట్టి మేడ చప్పుళ్ళు ఆయన చెవిన పడలేదు. దెయ్యాల్ని ఆయన నమ్మడు. అంటే — పగలు నమ్మడు.

ఇక సినిమా సంగతి.

ఆ ఆదివారం ఏం చూద్దామన్న దాని మీద ఇంట్లో వాదన వచ్చింది. నా చిన్నప్పుడు ఒక సినిమా ఉండేది, అలాంటి ఫైటింగులు ఇప్పుడెవడు తీస్తున్నాడు అని చెవులాయన ఎప్పట్లాగే మొదలుపెట్టాడు. పదో క్లాసు చదివే కూతురు విసిగిపోయి, ఆ సినిమాని నెట్లో వెతికి పట్టుకుని టీవీలో పెట్టేసింది. పేరు 'ఒంటిచేతి ఉరుము'.

చిన్నప్పుడు దాన్ని పదకొండుసార్లు చూశాడాయన. హీరో మేడ మీంచి హెలికాప్టర్ మీదికి దూకే ఘట్టం చూసొచ్చి, తనూ ప్రహరీ గోడ ఎక్కి దూకి, భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఒంటిచేత్తోనే పగ తీర్చుకుంటానని హీరో శపథం చేస్తే, తనూ ఒక చెయ్యి తువ్వాలుతో కట్టేసుకుని వారం రోజులు బడికెళ్ళాడు.

సినిమా మొదలైన పది నిమిషాలకే కూతురు టీవీ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించింది.

"నాన్నా, శపథమూ లేదు, ఏమీ లేదు. అతనికి నిజంగానే చెయ్యి విరిగింది. పిండికట్టు కనపడుతోంది చూడు."

కనపడుతోంది. చొక్కా చేతిలోంచి తెల్లగా, మణికట్టు దాకా.

ఆ తరవాత ఒక్కొక్కటే కనపడ్డం మొదలైంది. ఆయన బుర్రలో విలన్ మనుషులు ఎనభై మంది ఉండేవారు. లెక్క చూస్తే ఐదుగురే. చచ్చినవాడే మీసం మార్చుకుని మళ్ళీ వస్తున్నాడు. కీకారణ్యంలో సిమెంటు బెంచీ ఉంది. బెంచీ వెనకాల ఒక పెద్దమనిషి ఉదయం నడకకి వచ్చి, కెమెరాని చూసి, నిలబడి జుట్టు సవరించుకున్నాడు. హీరో గుద్దు గడ్డానికి జానెడు దూరంలోంచి పోతుంటే, ఆ దెబ్బ తిన్నవాడు పడబోయే ముందు పరుపు ఎక్కడుందో ఓసారి చూసుకుంటున్నాడు. ఇక హెలికాప్టర్... దాని దారం స్పష్టంగా కనపడింది.

ఆయన భార్య నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. పదకొండుసార్లు ఇదే చూసిన మనిషినా నేను చేసుకున్నది అని అడిగింది. వేళాకోళంగానే అంది కానీ చెవులాయనకి ఎక్కడో కలుక్కుమంది. చిన్నప్పటి ఇంటికి వెళ్తే అది ఇంత ఇరుకా అనిపించినట్టు... సోఫాలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు మూసుకున్నాక ఒకటి జరిగింది.

సినిమా తిరిగొచ్చేసింది.

అద్దం పగిలింది — అది వజ్రాల గది అద్దమే. గుర్రం వచ్చింది — అది కొండ దిగుతున్న గుర్రమే, దాని ఊపిరి కూడా తెలుస్తోంది. గుద్దు పడితే పక్కటెముక విరిగింది. ఎనభై మందీ దిగారు. బొమ్మలో ఉన్నదంతా అట్టముక్కలే కానీ చప్పుళ్ళలో ఒక్కటీ అబద్ధం లేదు.

ఆయన మనసులో ఇంకోటి కూడా గుర్తు పెట్టుకున్నాడు. చచ్చేవాడు ఎవడైనా సరే, కేక మాత్రం ఒకటే. కింద గొంతులో మొదలై, మధ్యలో జీరపోయి, మెట్ల మీంచి బిందె దొర్లినట్టు దొర్లి, ఆఖర్న ఒక చిన్న నిట్టూర్పుతో ఆగుతుంది. పద్దెనిమిది చావులు, ఒకే గొంతు. ఎవరిదో మరి. చివర్న పేర్లు వచ్చే ముక్క ఆ వీడియోలో కోసేశారు.

ఇది జరిగిన రెండో రోజు, మంగళవారం, ఆసుపత్రిలో కొత్త మిషన్లు బిగించేసరికి బాగా పొద్దుపోయింది. ఆటోవాడు వీధి మొదట్లోనే ఆపేసి, లోపలికి రానన్నాడు. ఎందుకంటే చెప్పడు. ఇక్కడిదాకా రావడమే ఎక్కువంటాడు.

చెవులాయన నడుస్తున్నాడు. పదకొండు దాటింది. గేటు దగ్గరి వీధి దీపం మాడిపోయి నెలలైంది. దాన్ని మార్చడానికి ఏ మనిషీ నిచ్చెన ఎక్కనన్నాడు.

నేను నమ్మను, నేను నమ్మను అని లోపల అనుకుంటూనే అడుగు వేగం పెంచాడు.

గేటు వచ్చింది...

గేటు దాటాడు...

అప్పుడు వినపడింది.

కింద గొంతులో మొదలైంది. మధ్యలో జీరపోయింది. మెట్ల మీంచి దొర్లింది... దొర్లి, దొర్లి — చిన్న నిట్టూర్పుతో ఆగింది.

చెవులాయన ఎలా పరిగెత్తాడో ఆయనకే తెలీదు. కళ్ళు తెరిచేసరికి అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గదిలో స్టూలు మీద ఉన్నాడు. ఒక కాలికి చెప్పు లేదు. వాచ్‌మన్ అడక్కుండానే గ్లాసుడు నీళ్ళు చేతికిచ్చాడు. ఇలా వచ్చేవాళ్ళ కోసం రాత్రిళ్ళు ఒక గ్లాసు నింపే ఉంచుతాడట.

నీళ్ళు గొంతు దిగుతున్నాయి కానీ రోమాలు మాత్రం నిలబడే ఉన్నాయి. భయపడింది కేకకి కాదు. ఆ కేక తనకి తెలిసినందుకు. మొన్న ఆదివారం పద్దెనిమిదిసార్లు విన్నాడు దాన్ని.

వాచ్‌మన్ గొంతు తగ్గించి అన్నాడు. "ఈవేళ ఏదో తేడాగా ఉంది సార్... గుర్రం రాలేదు."

"అంటే?"

రోజూ ఒక వరస ఉంటుందని చెప్పాడు వాచ్‌మన్. అద్దం, గుర్రం, దెబ్బలు, అన్నీ అయ్యాకే చావు. ఆరేళ్ళలో ఒక్క రాత్రి వరస తప్పలేదు. ఆ డెక్కలు వినే తను టీ పెట్టుకుంటాడు. ఈ రాత్రి మాత్రం అద్దం లేదు, గుర్రం లేదు. చావు ఒక్కటే వచ్చింది.

చెవులాయన గ్లాసు కింద పెట్టాడు.

అద్దం, గుర్రం, దెబ్బలు, కేక. అది 'ఒంటిచేతి ఉరుము' చివరి పోరాటం. అచ్చంగా అదే వరస. దెయ్యానికి సినిమా బట్టీపట్టాల్సిన పనేముంది? లోపల మనిషెవరో ఉన్నారు. రోజూ రాత్రి కూచుని ఆ చప్పుళ్ళన్నీ చేస్తున్నారు. ఆ మనిషి ఈ రాత్రి ఏ చప్పుడూ చెయ్యకుండా... కేక మాత్రం వేశారు.

టార్చి ఇమ్మని అడిగాడు. వాచ్‌మన్ టార్చి తీశాడు, దాంతోపాటు ఒక పుస్తకం కూడా తీశాడు. టార్చి సంఘానిది, సంతకం పెట్టి తీసుకెళ్ళాలి. రేపు మీరు లేకపోయినా ఎవరు తీసుకెళ్ళారన్నది తెలియాలి కదా సార్ అని మర్యాదగానే చెప్పాడు.

సంతకం పెట్టాడు. అది వేరే ఎవరి సంతకంలాగో పడింది.

గది గడప దాకా వచ్చాడు. ఇంట్లో భార్యా కూతురూ నిద్రపోతున్నారు. లిఫ్టు పది అడుగుల్లో ఉంది. ఫోన్ చేస్తే పోలీసులు వస్తారు. రేపు పదకొండింటికి వస్తారు.

ఆలోచిస్తూ నిలబడ్డాడు. అంతలో — రెండోసారి.

ఈసారి ఇంకా బిగ్గరగా, ఇంకా పొడుగ్గా. మెట్లకి అంతు లేనట్టు దొర్లింది.

ఇంక ఆయన ఆగలేదు. నలభై ఆరేళ్ళవాడు, పొట్ట ఉన్నవాడు, ఒక కాలికి చెప్పు లేనివాడు ప్రహరీ గోడ ఎక్కాడు. ఎక్కడం కంటే దిగడం కష్టమైంది. హీరోలా దూకలేదు. గోడకి పొట్ట ఆనించి, నెమ్మదిగా జారి, గుబుక్కున గడ్డిలో కూలబడ్డాడు.

మేడ చుట్టూ తిరిగితే వెనక వరండా తలుపు ఓరగా తీసి ఉంది.

లోపల దుమ్ము వాసన. టార్చి వెలుగు ముందుకి పాకింది...

బూట్లు. వరసగా, జతలు జతలుగా, ముప్పై జతలు. మనుషులు నిలబడి మనుషులే మాయమైనట్టు. ఎత్తు మడమల ఆడవాళ్ళ చెప్పులు, పోలీసు బూట్లు, చిన్నపిల్లల చెప్పులు...

ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. వీపుకి ఏదో చల్లగా తగిలింది.

హాలంతా దద్దరిల్లేలా ఉరిమింది.

టార్చి కింద పడింది. గుండె ఆగిందేమోనని ఆయన తనే చెయ్యి పెట్టి చూసుకున్నాడు. కాసేపటికి ధైర్యం చేసి టార్చి తీసి వెనక్కి తిప్పితే, పైకప్పు నుంచి వేలాడుతున్న పెద్ద రేకు ఇంకా ఊగుతోంది. కదిపితే ఉరుము. ఆ బూట్లు — అడుగుల చప్పుళ్ళు. బల్ల మీద రెండు కొబ్బరి చిప్పలు — టకటక. తోలు సంచీ నిండా ఇసుక — గుద్దులు. ఒక పళ్ళెంలో పగిలిన గాజుముక్కలు, వాటి పక్కన వాటిని తొక్కడానికి రెండు ఇటుకలు.

కొండ దిగిన ఆ గుర్రం ఈ రెండు చిప్పలా... భయంలో కూడా ఆయనకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే వెలుగు కింద ఒక కాలు కనపడింది.

బోర్లా పడిన ఇనప బీరువా. దాని కింద కాలు. కాలు వెంట వెలుగు జరిపితే — ముసలి ముఖం. మెడకి మఫ్లరు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు కదులుతోంది. చప్పుడు లేదు.

గేటు అవతల నుంచి వాచ్‌మన్ గుసగుస వచ్చింది. "సార్... ఉన్నారా?"

"ఉన్నాను."

"మీరేనా సార్?"

చెవులాయనకి అక్కడ ఒళ్ళు మండింది. మనిషి పడిపోయి ఉన్నాడు, అంబులెన్సుకి ఫోన్ చెయ్యమని కసిరాడు. మనిషేనని రూఢి చేసుకున్నాకే వాచ్‌మన్ ఫోన్ తీశాడు. అంబులెన్సు వచ్చేదాకా ముసలాయన చేతిని చెవులాయన వదల్లేదు. ఆ అరచెయ్యి కాయలు కాచి, కొబ్బరి చిప్పంత గట్టిగా ఉంది.

తుంటి ఎముక విరిగింది. సాయంత్రం నుంచి అలాగే పడి ఉన్నాడు, ఇంకో రెండు గంటలు ఆగితే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు.

మర్నాడు ఆసుపత్రికి జనం వచ్చారు. అపార్ట్‌మెంటు నుంచి కాదు, వెనక సందు నుంచి. వెల్డింగు చేసేవాళ్ళు, కుర్చీలకి రంగులేసేవాళ్ళు, దర్జీ. వాళ్ళకి ఆ ముసలాయన ఎప్పట్నుంచో తెలుసు. గుర్రం తాత అంటారు. హాలు మూసేటప్పుడు యజమాని వెనక గది తాళం ఆయనకిచ్చి, ఉన్నన్నాళ్ళు ఉండమన్నాడు. సినిమాలకి చప్పుళ్ళు చెయ్యడం ఆయన పని, పగలు వీధి రొదలో అది కుదరదు కాబట్టి ఎప్పుడూ రాత్రే చేసేవాడు, ఇప్పుడూ చేతులు మొద్దుబారకుండా రాత్రే చేసుకుంటాడు. తాత డెక్కలు వింటేనే మా పిల్లాడు పడుకుంటాడని దర్జీ చెప్పాడు. రెండు వీధులకీ మధ్య ఉన్నది ఒకే ఒక్క గోడ. ఆ గోడకి అటువైపు జోలపాట, ఇటువైపు దెయ్యం.

సంఘం కూడా అత్యవసర మీటింగు పెట్టింది. ఆయన్ని గుర్రం తాత అంటారని తెలిసి, చూశారా, గుర్రమేనని మేం ముందే చెప్పాం అన్నారు పై రెండంతస్తులవాళ్ళు.

ఆపరేషనయ్యాక మూడో రోజుకి తాత తేరుకున్నాడు. వినికిడి బాగా తగ్గిపోయింది. నర్సులు పలక మీద రాసి చూపిస్తే, ఆయనా పలక మీదే జవాబు రాసేవాడు. తమ గొంతు తమకే వినపడక మాట్లాడ్డం మానేసేవాళ్ళని చెవులాయన చాలామందిని చూశాడు. ఇదీ అదేననుకున్నాడు. ఇరవయ్యేళ్ళ అనుభవం మరి.

సాయంత్రం కూతుర్ని తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి కాసేపు బెరుగ్గా నిలబడి, ఫోన్లో సినిమా పెట్టి, చప్పుడు మొత్తం తగ్గించేసి, తాత ముందు పట్టుకుంది.

తాత రెండు క్షణాలు చూశాడు. మంచం పక్కనున్న స్టీలు గ్లాసులు రెండు బోర్లించాడు. గుర్రం వచ్చింది. మందుల కవరు నలిపాడు. అడవి అంటుకుంది. దిండుని ఒక్కటి గుద్దితే పక్క మంచం ఆయన అబ్బా అని దవడ పట్టుకున్నాడు. వార్డంతా మూగింది. తెర మీద అవే అట్టముక్కలు, అదే పిండికట్టు. కానీ అమ్మాయి నవ్వలేదు. ఊపిరి బిగబట్టి చూసింది. హెలికాప్టర్ వచ్చేసరికి తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఫైటింగు చివరికొచ్చింది. విలన్ నోరు తెరిచాడు.

తాత చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నాడు. విలన్ చప్పుడు లేకుండా చచ్చాడు.

అలసిపోయాడు పాపం అనుకున్నారందరూ. జనం సర్దుకున్నాక, కూతురు నీళ్ళ సీసా నింపడానికి వెళ్ళింది. చెవులాయన పలక తీసుకుని ఒద్దికగా రాశాడు. ఆ రాత్రి మీరు అరవబట్టే నేను లోపలికి వచ్చాను. ఆ కేక నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

తాత చదివాడు. మళ్ళీ చదివాడు. చెవులాయన ముఖంలోకి చాలాసేపు చూశాడు.

తరవాత మెల్లగా మెడ మీది మఫ్లరు కిందికి దించాడు.

గొంతు ఉండాల్సిన చోట ఒక చిన్న రంధ్రం ఉంది. చుట్టూ పాత కుట్లు.

పలక తుడిచి రాశాడు. ఆపరేషన్ చేసి గొంతు తీసేశారు. తొమ్మిదేళ్ళయింది.

చెవులాయనకి వార్డులో ఫ్యాను చప్పుడు ఒక్కటే వినపడుతోంది. తాత మళ్ళీ తుడిచాడు. గుర్రం నాది, గుద్దులు నావి, అద్దాలు నావి. కేకలన్నీ నా జోడీగాడివి. ముప్పయ్యేళ్ళు కలిసి పనిచేశాం.

ఇప్పుడాయన ఎక్కడున్నాడో చెవులాయన అడగలేదు. తాతే రాశాడు. పోయి పదకొండేళ్ళు.

తాత కళ్ళు తళతళలాడుతున్నాయి. ఈసారి గబగబా రాసి తిప్పి చూపించాడు.

ఆ రాత్రి ఒకసారి అరిచాడా, రెండుసార్లా?

చెవులాయన చెయ్యెత్తాడు. రెండు వేళ్ళు చూపించాడు.

తాత భుజాలు కదిలాయి. చప్పుడు లేని నవ్వు... కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. నవ్వి, పలక అందుకుని, వంకరటింకర అక్షరాలతో రాశాడు —

వెధవకి మొదటి టేకు ఎప్పుడూ నచ్చదు.